సంరక్షకుడి నీడ నుండి తరగతి గది దాకా: భారత ఉన్నత విద్యలో ఆటిజం విద్యార్థి

1958లో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రం, జాక్సన్ నగరపు మిల్‌శాప్స్ కళాశాల నుండి ఫ్రెంచి భాషలో పట్టా పొందిన విద్యార్థుల్లో డొనాల్డ్ ట్రిప్లెట్ ఒకరు. వైద్య చరిత్రకు ఆయన 'డొనాల్డ్ టి.'గా పరిచితుడు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి బాలల మనోవైద్యుడు లియో కానర్ 1943లో పదకొండుమంది పిల్లల వృత్తాంతాలతో ప్రకటించిన పత్రమే ఆటిజం అనే నిర్ధారణకు పునాది. ఆ పదకొండుమందిలో మొదటివాడు డొనాల్డ్. మూడేళ్ళు దాటిన వయసులో, వైద్యుల సలహా మీద, తల్లిదండ్రులు అతన్ని ఒక సంస్థలో చేర్చారు. ఏడాది గడిచాక మనసొప్పక ఇంటికి తెచ్చుకొన్నారు. న్యాయవాది అయిన తండ్రి కొడుకు తీరును వివరిస్తూ 33 పుటల లేఖ రాసి కానర్‌కు పంపాడు. తరవాత కొన్నేళ్ళు ఆ బాలుడు ఊరి వెలుపల ఒక రైతు దంపతుల ఇంట పెరిగాడు. ఎప్పుడూ ఏదో ఒకటి లెక్కపెడుతూ, కొలుస్తూ ఉండే ఆ పిల్లవాడి చేత ఆ రైతు బావి లోతు కొలిపించాడు. మొక్కజొన్న చాళ్ళు లెక్కపెట్టుకొంటూ పొలం దున్నడం నేర్పాడు. 'సర్దుబాటు' అనే మాట ఏ చట్టంలోనూ లేని రోజుల్లో జరిగిన సర్దుబాటు ఇది.

డొనాల్డ్ తరవాత సొంత ఊళ్ళోనే బ్యాంకులో ఉద్యోగం చేసి, 2023లో 89వ ఏట కన్నుమూశాడు. ఈ కథను ఆదర్శంగా చూపేముందు ఒక మాట చెప్పుకోవాలి. ఆ బ్యాంకులో అతని కుటుంబానికి వాటా ఉంది. ఊళ్ళో పలుకుబడి గల శ్వేతజాతి కుటుంబం వారిది. అదే పత్రంలోని మిగతా పిల్లల్లో పెద్దాసుపత్రుల పాలైనవారి గతి వేరుగా ఉంది. 1971లో కానర్ ఆ పదకొండుమంది తరవాతి జీవితాలను తిరిగి పరిశీలించినప్పుడు, ప్రభుత్వ వైద్యాలయంలో చేర్చడమంటే యావజ్జీవ శిక్షతో సమానమైందని ఆయనే గుర్తించాడు. అంటే వారి వారి స్థితిగతులతో పాటు, చుట్టూ ఉన్నవారు తీసుకొన్న నిర్ణయాలు కూడా ఒకరిని కళాశాలకూ ఇంకొకరిని నాలుగు గోడల మధ్యకూ పంపాయి.

మన దేశంలో ఆ నిర్ణయాలు చాలావరకు చట్టం ద్వారా, ధ్రువపత్రం ద్వారా జరుగుతాయి. భారతీయ చట్టం ఆటిజం గల వ్యక్తిని 'విద్యార్థి'గా ఎప్పుడు చూసింది? అంతకుముందు ఏమని చూసింది? ఈ రెండు ప్రశ్నలను ప్రధానంగా చట్టాలు, న్యాయస్థానాల తీర్పులు, పరీక్షల మార్గదర్శకాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. బోధన పద్ధతుల చర్చ దీనికి ప్రధానం కాదు. అయినా తరగతి గదిని పూర్తిగా పక్కనపెట్టి ఈ చరిత్ర చెప్పడం సాధ్యం కాదు.

పదం మారిన తీరు

స్విస్ మనోవైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 1911లో స్కిజోఫ్రీనియా రోగుల అంతర్ముఖతను సూచించడానికి 'ఆటిజం' అనే పదాన్ని వాడాడు. కానర్ దాన్ని తీసుకొని పిల్లల విషయంలో వేరే అర్థంలో ప్రయోగించాడు. దాదాపు అదే కాలంలో, 1944లో, వియన్నాలో హాన్స్ ఆస్పర్గర్ మాట చక్కగా వచ్చి, నలుగురితో కలవడంలో తడబడే పిల్లల గురించి జర్మన్ భాషలో రాశాడు. ఆ పని ఆంగ్ల ప్రపంచానికి విస్తృతంగా తెలిసింది 1981లో లోర్నా వింగ్ రాసిన వ్యాసంతోనే. 1980లో అమెరికన్ మనోవైద్య సంఘం నిర్ధారణ గ్రంథం మూడో కూర్పు 'శైశవ ఆటిజం'ను ప్రత్యేక నిర్ధారణగా చేర్చింది. 1994 నాటి నాలుగో కూర్పులో ఆస్పర్గర్ సిండ్రోమ్ చేరింది. 2013 నాటి ఐదో కూర్పు వీటన్నిటినీ కలిపి 'ఆటిజం స్పెక్ట్రమ్' అన్న ఒకే శీర్షిక కిందికి తెచ్చింది.

ఈ తేదీలు మన చర్చకు అవసరం. కళాశాల దాకా వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నవారు ఆస్పర్గర్ వర్ణించిన కోవకు చెందినవారు. వారికి వైద్యంలో ఒక పేరు స్థిరపడింది 1994లో. మన వికలాంగుల చట్టం మరుసటి ఏడాదే వచ్చింది. పార్లమెంటు ఆ చట్టాన్ని రాసుకొంటున్న కాలానికి వైద్య ప్రపంచమే ఇంకా ఈ విద్యార్థికి పేరు పెట్టే పనిలో ఉంది.

తెలుగులో 'స్వలీనత' అనే మాట కొన్నాళ్ళుగా వినిపిస్తోంది. ఈ అనువాదం నాకు నచ్చదు. తనలో తాను లీనమైపోవడం మన భాషలో ధ్యానానికో అహంకారానికో చెల్లే మాట. మనిషి తనంతట తాను ఎంచుకొన్న స్థితి అన్న ధ్వని దానిలో ఉంది. తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ వాడే మాట 'ఆటిజం' కనుక ఇక్కడ అదే వాడుతున్నాను.

లెక్కలో లేనివారు: 1995

వికలాంగుల (సమాన అవకాశాలు, హక్కుల పరిరక్షణ, పూర్తి భాగస్వామ్యం) చట్టం 1995లో వచ్చింది. అంధత్వం, అల్పదృష్టి, కుష్ఠు నయమైన స్థితి, వినికిడి లోపం, చలన వైకల్యం, బుద్ధిమాంద్యం, మానసిక రుగ్మత: ఈ ఏడింటినే ఆ చట్టం వైకల్యాలుగా గుర్తించింది. ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే విద్యాసంస్థల్లో 3 శాతానికి తక్కువ కాకుండా సీట్లు కేటాయించాలన్నది. ఆటిజం ఆ జాబితాలో లేదు.

ఇది తెలియక జరిగిన పొరపాటు అనడానికి వీల్లేదు. 1991లోనే ఢిల్లీలో మెర్రీ బరువా చొరవతో 'యాక్షన్ ఫర్ ఆటిజం' ఏర్పడింది. తల్లిదండ్రులు దేశంలో పలుచోట్ల ఈ పేరు చెప్పి సాయం కోసం తిరుగుతున్నారు. సికింద్రాబాదులో 1984 నుండి జాతీయ బుద్ధిమాంద్య సంస్థ పనిచేస్తోంది. దేశానికంతటికీ ఈ రంగంలో పరిశోధన, శిక్షణ కేంద్రం అదే. అయినా ఆ సంస్థ పేరులోనే ఆనాటి దృష్టి కనిపిస్తుంది. మేధకు సంబంధించిన సమస్య అంటే బుద్ధిమాంద్యం, ప్రవర్తనకు సంబంధించిన సమస్య అంటే మానసిక రుగ్మత. ఈ రెంటి మధ్య మూడో స్థానం లేదు.

స్థానం లేనప్పుడు మనుషులు దగ్గరలో ఉన్న గడిలో సర్దుకొంటారు. బస్సు పాసుకో, పింఛనుకో, బడిలో సదుపాయానికో ధ్రువపత్రం కావాలంటే ఆటిజం గల బిడ్డకు 'బుద్ధిమాంద్యం' అని రాయించుకోవడమే దారి. బిడ్డకు ఎనిమిదేళ్ళప్పుడు ఆ కాగితం ఇంటికి మేలు చేసినట్టే కనిపిస్తుంది. పద్దెనిమిదేళ్ళప్పుడు అదే కాగితం కళాశాల ప్రిన్సిపాల్ బల్ల మీదికి వస్తే, ఈ విద్యార్థి డిగ్రీ చదవలేడని చెప్పే సాక్ష్యంగా మారుతుంది. కాగితం చూపకపోతే ఏ సదుపాయమూ లేదు, చూపితే అసలు ప్రవేశమే అనుమానం. ఆ ఇరవై ఏళ్ళ కాలంలో కళాశాలల్లో ఆటిజం విద్యార్థులు రికార్డుల్లో కనబడకపోవడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. వారు లేకపోలేదు. 'వింతమనిషి', 'మౌనముని', 'తిక్క శంకరయ్య' వంటి పేర్లతో ఉన్నారు. కొందరు మధ్యలో మానేశారు.

పేరు వచ్చింది, సంరక్షకుడితో సహా: 1999

భారతీయ చట్టంలో ఆటిజం వైకల్యంగా మొదట చోటు చేసుకొన్నది 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టంలో. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు గల వ్యక్తుల సంక్షేమం కోసం ఏర్పడ్డ ట్రస్టు అది. ఆటిజానికి అది ఇచ్చిన నిర్వచనం ఆ కాలానికి మెరుగైనదే. నైపుణ్యాలు అసమానంగా వికసించే స్థితి అని, సంభాషణ మీదా సామాజిక సామర్థ్యం మీదా ప్రభావం చూపుతుందని చెప్పింది. 'అసమానంగా' అన్న మాటలో ఒక చక్కని గ్రహింపు ఉంది. ఒక విషయంలో వెనకబడ్డ మనిషి మరో విషయంలో ముందుండవచ్చు అన్నది అందులో ఇమిడి ఉంది. బుద్ధిమాంద్యం అన్న ముద్ర ఈ సంగతిని దాచేస్తుంది.

ఈ నిర్వచనం ఒకవైపు ఉంచి, చట్టం చేతిలోని పనిముట్టు ఏమిటో చూస్తే వేరే చిత్రం కనబడుతుంది. జిల్లా స్థాయిలో స్థానిక కమిటీలు, వాటి ముందు దరఖాస్తు, చట్టబద్ధ సంరక్షకుడి నియామకం: ఆ చట్టంలో ప్రధాన యంత్రాంగం ఇదే. 'మా తరవాత వీడి గతేమిటి?' అన్న తల్లిదండ్రుల దిగులుకు రాజ్యం ఇచ్చిన సమాధానం అది. ఆ దిగులు నిజమైనది. దాన్ని తక్కువ చేయడం ఈ వ్యాసకర్త ఉద్దేశం కాదు. కానీ ఆ చట్టం ఊహించుకొన్న పెద్దవాడు ఆస్తి చూసుకోవడానికి మరొకరు అవసరమైన మనిషి. పరీక్ష రుసుము కట్టే మనిషిగా, వసతిగృహంలో గది అడిగే మనిషిగా, పరిశోధన కోసం గైడును వెతుక్కొనే మనిషిగా అతన్ని ఆ పుటల్లో వెతికినా దొరకడు.

అదే కాలంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం తొమ్మిదో ప్రణాళిక కింద ప్రత్యేక అవసరాల విద్యార్థుల కోసం ఉన్నత విద్యా పథకాన్ని తెచ్చింది. కళాశాలల్లో సహాయ విభాగాలు, అడ్డంకులు లేని భవనాలు, చూపులేనివారికి పరికరాలు దాని లక్ష్యాలు. వాలుదారి, రేలింగు, బ్రెయిలీ పుస్తకం, చదివి వినిపించే సాఫ్ట్‌వేరు, ఇవన్నీ కొని బిల్లు పెట్టగల వస్తువులు. సెమినారు తేదీ వారం ముందు చెప్పడం, మాటలతో పాటు కాగితం మీద కూడా సూచన ఇవ్వడం వంటివి కొనేవి కావు. వినియోగ ధ్రువపత్రంలో రాయగల సాయమే సాయంగా లెక్కకు వచ్చింది. నేటికీ చాలా కళాశాలల్లో తనిఖీ బృందానికి చూపించేది గేటు దగ్గరి వాలుదారినే.

హక్కుదారు: 2007 నుండి 2016 వరకు

ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబరులో ఆమోదించిన వైకల్యం గల వ్యక్తుల హక్కుల ఒడంబడికను భారత్ 2007 అక్టోబరు 1న ధ్రువీకరించింది. దాని 24వ అధికరణం చివరి భాగం ఉన్నత విద్యను ప్రత్యేకించి పేర్కొని, వివక్ష లేకుండా, తగిన సర్దుబాటుతో అది అందాలన్నది. పాత చట్టాన్ని సవరించాలా, కొత్తది రాయాలా అన్న చర్చ ఏళ్ళపాటు సాగింది. చివరికి 2016 డిసెంబరులో వైకల్యం గల వ్యక్తుల హక్కుల చట్టం వచ్చి 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. ఏడు వైకల్యాలు ఇరవైఒకటి అయ్యాయి. ఆటిజం స్పెక్ట్రమ్ వాటిలో ఒకటి. ఉన్నత విద్యలో 5 శాతానికి తక్కువ కాని సీట్లు, గరిష్ఠ వయసులో ఐదేళ్ళ సడలింపు 32వ సెక్షన్ కింద వచ్చాయి. ఉద్యోగాల్లో ఇచ్చే 4 శాతంలో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక రుగ్మత, బహుళ వైకల్యాల వారందరికీ కలిపి కేటాయించారు.

ఈ చట్టాన్ని తరగతి గది వైపు నుండి చదివితే కొన్ని సందులు కనిపిస్తాయి. 32వ సెక్షన్ ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే సంస్థలకే వర్తిస్తుంది. ఇంజనీరింగు విద్య అత్యధికంగా ప్రైవేటు కళాశాలల్లో నడిచే తెలుగు రాష్ట్రాల్లో ఈ పరిమితి చిన్నది కాదు. సర్దుబాటు గురించి చెప్పే 16వ సెక్షన్ పరిధి విశాలమైనది, ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థలన్నీ దాని కిందికి వస్తాయి. అయితే అది మాట్లాడేది 'పిల్లల' గురించి. డిగ్రీలో చేరే నాటికి విద్యార్థికి పద్దెనిమిదేళ్ళు నిండుతాయి. 17వ సెక్షన్‌లో 'విద్యార్థులు' అన్న మాట ఉంది. పాఠ్యప్రణాళికలోనూ పరీక్షల్లోనూ మార్పులు చేయాలని, అదనపు సమయం, లేఖకుడి సాయం, రెండో మూడో భాషల మినహాయింపు ఇవ్వాలని అది చెబుతుంది. కళాశాల అధ్యాపకుడు పట్టుకోదగిన తీగ అదే. 2017 డిసెంబరు 15న డిజేబుల్డ్ రైట్స్ గ్రూప్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం 32వ సెక్షన్‌ను అన్ని సంబంధిత సంస్థలూ పాటించాలని ఆదేశిస్తూ, ఉపాధ్యాయులు, సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులతో ప్రతి సంస్థలోనూ ఒక అంతర్గత సంఘం ఉండే అవకాశాన్ని పరిశీలించాలన్నది. ఆ సంఘం మీ కళాశాలలో ఉందా అని ఈ వ్యాసం చదివే అధ్యాపకులు ఒకసారి విచారించి చూడవచ్చు.

డెబ్బై మార్కుల గడప

హక్కు వచ్చినా దాన్ని అందుకోవడానికి గడప ఒకటుంది. రిజర్వేషనుకు 40 శాతం వైకల్యం ఉండాలి. కాలు పొట్టిదైతే కొలవవచ్చు, వినికిడిని డెసిబెల్‌లలో చెప్పవచ్చు. ఆటిజాన్ని శాతంలో చెప్పడం ఎలా?

దీనికి సమాధానం తయారైంది సికింద్రాబాదులోనే. జాతీయ బుద్ధిమాంద్య సంస్థ రూపొందించిన 'ఆటిజం మదింపు భారతీయ కొలమానం'లో 40 అంశాలున్నాయి. సామాజిక సంబంధాలు, భావ స్పందన, మాట-సంభాషణ, ప్రవర్తన, ఇంద్రియ సంవేదన, గ్రహణశక్తి అని ఆరు విభాగాలు. ప్రతి అంశానికీ ఆ ప్రవర్తన ఎంత తరచుగా కనిపిస్తుందన్న దాన్నిబట్టి 1 నుండి 5 దాకా మార్కులు. మొత్తం 70కి చేరితే ఆటిజం ఉన్నట్టు, 40 శాతం వైకల్యం ఉన్నట్టు లెక్క. మార్కు పెరిగిన కొద్దీ శాతం పెరుగుతుంది. ఈ కొలమానం ఆధారంగా ధ్రువపత్రాలిచ్చే మార్గదర్శకాలు 2016లో గెజిట్‌కెక్కాయి. చట్టంలో ఆటిజం అన్న పేరు చేరిన పదిహేడేళ్ళకు దాన్ని ధ్రువీకరించే పద్ధతి వచ్చిందన్నమాట.

ఆ కొలమానం చేసిన మేలు చాలా ఉంది. విదేశీ పరీక్షల ఖర్చు భరించలేని జిల్లా ఆసుపత్రికి అది అందుబాటులోకి వచ్చింది. బుద్ధిమాంద్యం అన్న గడి నుండి ఒక తరం పిల్లల్ని బయటికి తెచ్చింది. అయితే అది లెక్కించేది బయటికి కనిపించే ప్రవర్తన ఎంత తరచుగా వస్తోందన్నది. కళ్ళలోకి చూడకపోవడం, విన్న మాటనే మళ్ళీ అనడం, చేతులు ఆడించడం వంటివి. పందొమ్మిదేళ్ళ వయసుకు వచ్చిన, తెలివైన, ఇంట్లో 'ముఖం చూసి మాట్లాడు' అని వేలసార్లు అనిపించుకొన్న విద్యార్థిని వీటిలో చాలా అంశాలను అదుపులో పెట్టుకోవడం నేర్చేసి ఉంటుంది. నుదురు వైపు చూస్తే ఎదుటివారు కళ్ళలోకి చూస్తున్నట్టే అనుకొంటారని ఆమెకు తెలుసు. ఆ అదుపు కోసం రోజంతా పడే శ్రమ, సాయంత్రం హాస్టల్ గదిలో మాట రాక పడి ఉండడం ఆ కాగితంలో నమోదు కావు. మార్కు 70 లోపు ఆగిపోతుంది. ఎంత బాగా దాచుకొంటే చట్టం నుండి అంత దూరం. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ. అణకువ, మితభాషణ మన ఇళ్ళలో ఆడపిల్లకు మెచ్చుకోలు మాటలు కనుక చిన్ననాడు ఎవరికీ అనుమానమే రాదు.

వైద్య విద్యలో ఈ గడప చరిత్ర ఇంకా విచిత్రం. 2019 మేలో భారత వైద్య మండలి స్థానంలో ఉన్న పాలకవర్గం ఎం.బి.బి.ఎస్. ప్రవేశాల నిబంధనలను సవరించింది. ఆటిజం విషయంలో ఆ పట్టిక ప్రకారం 60 శాతానికి పైబడితే అనర్హులు. 40 నుండి 60 శాతం మధ్య ఉండి, నిపుణుల బృందం అంగీకరిస్తే కోర్సు చదవవచ్చు, కానీ వికలాంగుల కోటా మాత్రం వర్తించదు. కారణం, వస్తుగతమైన మదింపు పద్ధతి లేకపోవడం. భవిష్యత్తులో మెరుగైన పద్ధతులు వస్తే చూద్దామన్నారు. ఆ 40, 60 అంకెలు ఎక్కడివంటే సికింద్రాబాదు కొలమానం నుండి వచ్చినవే. బయటికి పంపడానికి ఆ కొలమానం చాలినంత వస్తుగతమైనది, లోపలికి రానివ్వడానికి మాత్రం కాదు. ఒకే పట్టికలో పక్కపక్క గడుల్లో ఈ రెండు మాటలూ ఉన్నాయి. శాతం ఒక్కటే చూసి అభ్యర్థిని తిరస్కరించకూడదని, ఆ వ్యక్తి కోర్సు చదవగలరా లేదా అన్నది బోర్డు పరిశీలించాలని 2024 అక్టోబరులో ఓంకార్ గోండ్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం తేల్చింది. ఆ కేసు మాటకు సంబంధించిన వైకల్యం గలవారిది. అయినా దానిలోని తర్కం ఆటిజం అభ్యర్థికీ పనికివచ్చేదే.

రాత పరీక్షల చరిత్ర

40 శాతానికి లోపు ఉన్నవారి సంగతి మొదట తేల్చింది మరో రకం అభ్యర్థి. రాసేటప్పుడు చేతి కండరాలు బిగుసుకుపోయే సమస్య గల వికాస్ కుమార్‌కు సివిల్ సర్వీసుల పరీక్షలో లేఖకుణ్ణి నిరాకరించారు. 2021 ఫిబ్రవరి 11న సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ప్రకారం, 40 శాతం గీత రిజర్వేషను వంటి కొన్ని ప్రయోజనాలకే పరిమితం. తగిన సర్దుబాటు పొందే హక్కుకు ఆ గీత అడ్డు కాదు. అదే ఏడాది నవంబరులో అవ్ని ప్రకాశ్ కేసులో, రాతకు సంబంధించిన అభ్యసన వైకల్యం గల వైద్య ప్రవేశ పరీక్ష అభ్యర్థిని విషయంలోనూ న్యాయస్థానం పరీక్ష నిర్వాహకుల బాధ్యతను గుర్తుచేసింది. 2022 ఆగస్టులో 40 శాతానికి తక్కువ వైకల్యం ఉండి రాయడంలో ఇబ్బంది గలవారి కోసం కేంద్రం వేరే మార్గదర్శకాలు జారీచేసింది.

ఆటిజం గల విద్యార్థి ఇక్కడా గడిలో పూర్తిగా ఇమడడు. 2018 ఆగస్టు నాటి మార్గదర్శకాల ప్రకారం చూపులేనివారికి, రెండు చేతుల వైకల్యం గలవారికి, సెరిబ్రల్ పాల్సీ గలవారికి అడిగితే లేఖకుణ్ణి ఇవ్వాలి. మిగతావారు రాయడానికి 'శారీరక పరిమితి' ఉందని వైద్యాధికారి ధ్రువపత్రం తేవాలి. ఆటిజం విద్యార్థికి చేయి బాగానే ఉంటుంది. ఇబ్బంది ఎక్కడంటే, మూడువందలమంది కూర్చున్న హాలులో ఫ్యాను కిచకిచ, పర్యవేక్షకుడి చెప్పుల చప్పుడు, మధ్యలో ఎవరో అదనపు పత్రం కోసం లేవడం, వీటన్నిటి మధ్య ప్రశ్న మీద మనసు నిలవకపోవడం. వారికి కావలసింది వేరే గది. 2018 పత్రంలో లేఖకుడు లేని అభ్యర్థులకూ మూడు గంటల పరీక్షకు కనీసం ఒక గంట అదనంగా ఇవ్వవచ్చన్న మాట ఉంది. చాలామంది పరీక్షల విభాగం వారికి ఇది తెలియదు. అదనపు సమయం అంటే లేఖకుడితో కలిపి ఇచ్చేదే అనుకొంటారు.

సెమిస్టరు తరవాత

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలల్లో 2015-16లో, తెలంగాణలో 2016-17లో ఎంపిక ఆధారిత క్రెడిట్ విధానం వచ్చింది. అదే కాలంలో కొత్త వికలాంగుల చట్టం కూడా వచ్చింది. ఈ రెంటినీ కలిపి చూసినవారు తక్కువ. ఏడాది చివర ఒకే రాత పరీక్ష ఉన్న పాత పద్ధతిని ఎంత తిట్టుకొన్నా, మౌనంగా చదువుకొని రాసే విద్యార్థికి అది ఒక రకంగా ఆశ్రయమే. కొత్త పద్ధతిలో అంతర్గత మూల్యాంకనం, సెమినారు, బృంద ప్రాజెక్టు, మౌఖిక పరీక్ష వచ్చాయి. ప్రతి ఆరు నెలలకూ కాలనిర్ణయ పట్టిక మారుతుంది. ఎంపిక పత్రాన్నిబట్టి గదులూ సహపాఠులూ మారతారు. బోధనా సంస్కరణగా ఇది మంచిదే కావచ్చు. కానీ ఆటిజం గల విద్యార్థికి కష్టమైనవన్నీ మార్కులుగా మారిపోయాయి.

2020-21 నుండి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్‌లతో పాటు మొదటి ఏడాది తరవాత సమాజసేవా ప్రాజెక్టు తప్పనిసరి అయింది. ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళి సర్వే చేయాలి. తెలియని ఇంటి తలుపు తట్టడం ఈ విద్యార్థులకు గండమే అని మొదట అనిపిస్తుంది. నిజానికి ఇందులో ఒక వెసులుబాటు దాగి ఉంది. సర్వేకు ప్రశ్నావళి ఉంటుంది. ఏమని మొదలుపెట్టాలి, తరవాత ఏమడగాలి, ఎప్పుడు సెలవు తీసుకోవాలి అన్నది కాగితం మీదే ఉంటుంది. పిచ్చాపాటీ కంటే ప్రశ్నావళి వారికి సులువు. మొదటి రెండు ఇళ్ళకు ఒక స్నేహితుడు తోడు వెళ్ళి, సర్వే సమాచారాన్ని పట్టికల్లోకి ఎక్కించే పనిలో అతనికి ఎక్కువ భాగం ఇస్తే, బృందంలో అందరికంటే నికరంగా పనిచేసేది అతనే కావచ్చు. మొక్కజొన్న చాళ్ళు లెక్కపెట్టించిన రైతు చేసిన పని ఇదే. ఆ రైతుకు మార్గదర్శకాలు ఎవరూ పంపలేదు.

పాఠశాల స్థాయిలో తెలుగు రాష్ట్రాల మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక శిక్షణ పొందిన రిసోర్సు ఉపాధ్యాయులున్నారు. వారి సంఖ్య చాలదు. అయినా బిడ్డ పేరు తెలిసిన మనిషి ఒకరు ఉంటారు. పదో తరగతి దాటాక ఆ దారం తెగిపోతుంది. జూనియర్ కళాశాలకు బిడ్డతో పాటు వచ్చేది మార్కుల జాబితా, బదిలీ పత్రం మాత్రమే. ఏ శబ్దానికి బెదురుతాడు, ఏ మాట చెబితే కుదుటపడతాడు, ఏ ఉపాధ్యాయుడి దగ్గర నోరు విప్పాడు అన్న పదేళ్ళ అనుభవం ఏ కాగితంలోనూ రాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో ఉన్నత విద్యాసంస్థల కోసం సౌలభ్య మార్గదర్శకాలు వెలువరించింది. వాటిని అమలు చేసేవారు పాఠశాల నుండి ఆ అనుభవాన్ని తెచ్చుకొనే దారి ముందు వెతకాలి. దానికి నిధులు కూడా పెద్దగా అక్కరలేదు.

నేను బాహ్య పరీక్షకుడిగా వెళ్ళిన ఒక డిగ్రీ కళాశాలలో ప్రాజెక్టు మౌఖిక పరీక్షకు ఒక కుర్రవాడు వచ్చి కూర్చున్నాడు. అతని నివేదిక ఆ బృందంలో అన్నిటికంటే మెరుగైనది. మొదటి ప్రశ్నకు అతను కిటికీ వైపు చూశాడు. రెండో ప్రశ్నకూ అంతే. నివేదిక తాను రాయలేదేమో అని నాతోటి పరీక్షకుడు నెమ్మదిగా అన్నాడు. నాకూ అదే అనుమానం కలిగిందని ఒప్పుకోవాలి. తలుపు దగ్గర నిలబడ్డ శాఖ అధ్యాపకురాలు, 'సార్, ప్రశ్న కాగితం మీద రాసి ఇస్తారా' అని అడిగింది. రాసి ఇచ్చాం. పది నిమిషాల్లో నాలుగు ప్రశ్నలకు సమాధానాలు రాసి తిరిగిచ్చాడు. మూడో సమాధానంలో నా ప్రశ్నలోని తప్పును కూడా దిద్దాడు.

2018 మార్గదర్శకాల శీర్షికలో ఉన్నది 'రాత పరీక్ష' అన్న మాటే. మౌఖిక పరీక్ష గురించి వాటిలో లేదు. మార్కుల పత్రంలోనూ రాసిన సమాధానాలకు గడి లేదు. అతని కాగితాన్ని మార్కుల పత్రానికి గుండుసూదితో గుచ్చి, 'లిఖితపూర్వకంగా సమాధానమిచ్చాడు' అని పక్కన రాసి ఇద్దరం సంతకం చేశాం.